మల్లయ్య దారిలో గూడెం మాట ఎవరు అడుగుతారు?

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

ప్రతి ఏడాది ఉగాది ముందు నల్లమల నడక వీడియోలు వరసగా వస్తాయి. పైనుంచి డ్రోన్ షాట్, కింద కొండల మధ్య సన్నటి బాట, భుజాన కంబి పెట్టుకుని నడిచే కన్నడ భక్తులు, వెనకాల మల్లయ్య పాట. కింద రాసే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "జనసంచారం లేని కీకారణ్యంలో భక్తుల సాహసం." జనసంచారం లేకపోతే మరి నాగలూటి గూడెం ఏంది? పెచ్చెరువు గూడెం ఏంది? ఆ రెండు గూడేలు దాటకుండా ఆ బాటన శ్రీశైలం చేరినోడు ఒక్కడు లేడు. తాగిన నీళ్లు అక్కడివే, పడుకున్న నేలా అక్కడిదే. అయినా వీడియోలో మనుషులం మాత్రం ఉండం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తా. ఈ నడక ఆపేయాలని నేను అనను. ఆపాలనే మనోళ్లు ఉన్నారు, వాళ్ల కోపం నాకు తెలుసు, దాని సంగతి కిందకి వస్తా. నేననేది ఏమంటే, ఆ దారిలో ఏర్పాట్లు ఎక్కడ చేయాలి, ఎట్ల చేయాలి, ఎవరితో చేయించాలి అనేదాంట్లో మొదటి మాట దారి మీద బతికే చెంచు గూడేలది కావాలి. ఇప్పుడైతే ఆఖరి మాట కూడా వాళ్లది కాదు.

తెలియనోళ్ల కోసం దారి సంగతి రెండు ముక్కల్లో. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగుతారు. అక్కడి నుంచి నాగలూటి, ఆ తర్వాత పెచ్చెరువు, అటెనక భీముని కొలను, అక్కడి లోయ దిగి మెట్లెక్కితే కైలాసద్వారం, ఇంక శ్రీశైలం. మొత్తం 40 కిలోమీటర్లకు పైమాటే. శివరాత్రికి మన తెలుగు శివస్వాములు, ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు ఈ బాటన వస్తారు. రాయచూరు, బాగల్‌కోట, విజయపుర, బెళగావి దిక్కు నుంచి ఇంటికాడ బయల్దేరి రోజుల తరబడి నడిచేవాళ్లకు ఈ అడవి ఆఖరి మజిలీ. కొందరైతే కాళ్లకు పొడుగు కట్టెలు కట్టుకుని వాటి మీదే నడుస్తారు. చదును రోడ్డు మీద కష్టమైన పని అది, ఆ రాళ్లల్లో ఎట్ల చేస్తారో చూస్తే తప్ప నమ్మరు.

పోయిన ఉగాదికి మేం నలుగురం హాస్టల్ ఫ్రెండ్స్ కలిసి నడిచినాం. నేను చెంచు గూడెం పిల్లోణ్ణి. ఒకడు డోన్ దిక్కు తండా నుంచి వచ్చిన సుగాలి, గ్రూప్-2కి చదువుతాండు. ఒకాయన చింతూరు నుంచి వచ్చిన కోయ అన్న, మా అందరికన్నా సీనియర్. ఇంకొకడు ఆదోని వాడు, వాళ్లింట్లో కన్నడం మాట్లాడతారు, వాళ్ల చిన్నమ్మ రాయచూరు గుంపుతో నడుస్తాంటే ఆమెకు తోడుగా వచ్చినాడు. వెంకటాపురంలో తెల్లవారుజామున నాలుక్కు మొదలుపెట్టి రాత్రికి పెచ్చెరువు చేరినాం. మర్నాడు కైలాసద్వారం ఎక్కడం ఒక కథే గానీ, అది అందరూ రాస్తారు. నేను మొదటి రోజు గురించే రాస్తా.

పొద్దున చల్లగా ఉన్నంతసేపు అందరూ హుషారు. ఎనిమిది దాటినాక ఎండ. చైత్రం ఎండకు నల్లమలలో సగం చెట్లకు ఆకు ఉండదు. మోదుగులు పూసి రాలిపోయి ఉంటాయి, తపసి మాన్లు తెల్లగా ఎముకల మాదిరి నిలబడి ఉంటాయి. నీడ కోసం చూస్తే వంక ఒడ్డుకు పోవాల. ఎక్కడ నీడ ఉందో, ఏ వంకలో తవ్వితే చెలమ ఊరుతుందో గూడెపోళ్లకు తెలుసు. భక్తులకు తెలిసేది ట్యాంకర్ ఎక్కడ ఉందనేది ఒక్కటే. ట్యాంకర్ దగ్గర తోపులాట జరుగుతాంటే పక్కనే పది నిమిషాల నడకలో నీళ్లుంటాయి, కానీ ఎవరూ అడగరు. అడిగితే కదా చెప్పేది.

నాగలూటి దాటినాక ఒక అవ్వ మాతో కలిసింది. బాగల్‌కోట దిక్కు నుంచి వచ్చినామె, అరవై దాటి ఉంటాయి. రెండు పాదాలకూ గుడ్డలు చుట్టుకుని నడుస్తాంది. మాకు జొన్నరొట్టె, బుడ్డల పొడి పెట్టింది. కరకరలాడే ఎండు రొట్టె, వారం ఉన్నా చెడదంట. "మా ఇంటి ఆడపిల్లను చూడను పోతాన్నాం, తమ్మా" అనింది. వాళ్ల నమ్మకం అది. భ్రమరాంబ వాళ్ల ఆడపడుచు, మల్లయ్య వాళ్ల అల్లుడు. అందుకే పుట్టింటోళ్లు పోయినట్టు ఉగాదికి పోతారు, చీరసారె తీసుకుని. మా ఆదోని వాడి చేత చెప్పించినా: "అవ్వా, మా గూడెంలో కూడా అదే మాట. మల్లయ్య వేటకొచ్చి మా చెంచు పిల్లను చేసుకున్నాడు. మాకూ అల్లుడే." అవ్వ నిలబడిపోయింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వింది. "అట్లైతే మనిద్దరం పిల్లనిచ్చినోళ్లమే" అని ఇంకో రొట్టె చేతిలో పెట్టింది. మా పిల్ల, వాళ్ల పిల్ల ఒకరేనా, వేరేనా అన్నది మాత్రం పెచ్చెరువు చేరేదాకా తేలలేదు!

ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. అవ్వ పదేళ్లుగా ఈ దారిన వస్తాందంట. దారిలో ఉండే మనుషులకు కూడా దేవుడితో చుట్టరికం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పే బోర్డు లేదు, మైకు లేదు, అన్నదానం దగ్గర పేరు లేదు. అదే అహోబిలం చూడండి. అక్కడ చెంచులక్ష్మి పుట్టింటోళ్లని చెంచులను బావమరుదులుగా పిలుస్తారు. పారువేట ఉత్సవంలో ఆ చుట్టరికం అందరి కళ్లకూ కనబడుతుంది. అక్కడా మన బతుకులు మారిపోయినాయని కాదు. కనీసం మనం ఎవరమో జనానికి తెలుసు.

దారి పాతది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగమే రాసినాడు, శ్రీశైల యాత్ర గురించి. అది 700 ఏళ్ల కిందటి మాట. రెడ్డి రాజుల్లో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినాడని చరిత్ర పుస్తకాల్లో ఉంది. కృష్ణదేవరాయలు వచ్చినాడు, శివాజీ వచ్చినాడు. మెట్లు కట్టించినోళ్ల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. పులులు తిరిగే అడవిలో ఇన్ని వందల ఏళ్లు యాత్రికులను దాటించినోళ్లు ఎవరు? బ్రిటిష్ కాలం రాతల్లో కూడా ఈ కనుమల కాపలా చెంచులకు అప్పజెప్పినట్టు ఉంది. మా తాత చెప్పేవాడు, వాళ్ల చిన్నప్పుడు యాత్రికుల గుంపు ముందు ఒక చెంచు మనిషి, వెనక ఒక చెంచు మనిషి నడిచేవాళ్లంట, దాటించినందుకు గింజలో, డబ్బులో, గుడ్డలో ఇచ్చేవాళ్లంట. అది బిచ్చం కాదు, కూలి కూడా కాదు. మా దారిన పోతున్నారు కాబట్టి మాకు చెల్లేది. ఇప్పుడు ముందు నడిచేది జీపు.

మధ్యాహ్నం ఒకచోట ఆగినాం. గూడెం నుంచి వచ్చిన ఒక పెద్దామె వెదురు చేతికర్రలు అమ్ముతాంది, ఒక్కోటి 20 రూపాయలు. నడవలేని వాళ్లకు ఆ కర్ర ఎంత పని చేస్తుందో నడిచినోళ్లకే తెలుసు. ఎవరో ఒకాయన వచ్చి, "అడవి కర్ర అమ్ముతున్నావా, కేసు అవుతుంది" అని గద్దించినాడు. ఆయన ఎవరనేది ఇక్కడ అనవసరం. ఆమె కర్రలు మూట కట్టుకుంటాంది. మా సుగాలి తమ్ముడు ముందుకొచ్చి, "సార్, 2006 చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే వెదురు కూడా ఉంది, సెక్షన్ 2లోనే ఉంది" అన్నాడు. సెల్లులో సిగ్నల్ లేదు గానీ, పరీక్ష కోసం చట్టం మొత్తం డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాడు. చూపించినాడు. ఆయన చదవలేదు, కానీ గొంతు తగ్గించుకుని పోయినాడు. గ్రూప్-2 చదువు ఇట్ల పనికొస్తదని వాడూ అనుకోలేదు. పెద్దామె మాకు డబ్బు తీసుకోకుండా నాలుగు కర్రలు ఇచ్చింది. మేం డబ్బులు ఇచ్చినాం, తీసుకోదాయె. చివరికి సగానికి బేరం కుదిరింది. అమ్మేవాళ్లు తగ్గిస్తాంటే కొనేవాళ్లు పెంచే బేరం నేను అక్కడే చూసినా.

అదే చోటుకు వంద అడుగుల దూరంలో ఏముందో చెప్పాల కదా. అన్నదానం పందిరి. పందిరి కోసం కొట్టిన గుంజలు ఎక్కడివి? అడవివే. వాటిని ఎవరూ అడగలేదు. నేను దాతలను తప్పుపట్టడం లేదు. సొంత ఖర్చుతో సామాన్లు మోసుకొచ్చి రాత్రీపగలూ వండి పెడతారు, నేనూ తిన్నా, చాలా బాగుంది. కానీ ఒకే అడవిలో ఒక గుంజకు ఒక న్యాయం, ఒక చేతికర్రకు ఇంకో న్యాయం ఎట్ల?

సాయంత్రం నడకలో కోయ అన్నకూ నాకూ పెద్ద వాదన. ఆయన మాట ఇది: "ఇది టైగర్ రిజర్వు. మీ ఆవు మేస్తే తప్పు, మీ తేనె మంట పెడితే తప్పు, పదిరోజుల్లో ఇంతమంది జనం తొక్కితే తప్పు లేదా? పులి కోసం మనల్ని లెయ్యమంటారు, దేవుడి కోసం పులినే లెయ్యమంటారు. ఆపితే అందరికీ ఆపాల." ఆయన కోపంలో న్యాయం ఉంది. 1983 నుంచి ఇది ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న అడవి. పులి పేరు చెప్పి గూడేలకు రోడ్డు వద్దంటారు, కరెంటు స్తంభం వద్దంటారు. ఆ పులి ఈ రెండు పండగల్లో ఎక్కడికి పోతదో మరి.

అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అడవికి గేటు వేసిన ప్రతిసారీ ఏం జరిగిందో మనం చూసినాం. అందరికీ అని వేస్తారు. బయటోడు ఏడాదికి ఒకసారి వచ్చేవాడు, వాడికి పోయేది ఒక నడక. మనం రోజూ పోయేవాళ్లం, మనకు పోయేది బతుకు. నిషేధం అనే మాటకు మొదటి దెబ్బ ఎప్పుడూ లోపల ఉన్నోడికే. ఇంకొకటి, అవ్వ లాంటి మనుషులతో మనకు తగువు లేదు. ఆమె రాబట్టి దారి బతికి ఉంది. దారి బతికి ఉండబట్టి, ఇక్కడ మనుషులు ఎప్పటి నుంచో ఉన్నారని చూపించడానికి మనకు ఒక సాక్ష్యం ఉంది. నడక ఆగిపోతే రేపు నిజంగానే "జనసంచారం లేని అడవి" అని కాగితం మీద రాసుకుంటారు.

పెచ్చెరువు చేరేసరికి రాత్రి ఏడున్నర. జనరేటర్ లైట్లు, మైకులు, మెడికల్ క్యాంపు, అంబులెన్స్, నీళ్ల ట్యాంకర్లు. తిరునాళ్లే. మెడికల్ క్యాంపు దగ్గర లైను చూసి బొబ్బలెక్కిన భక్తులు అనుకున్నా. దగ్గరకు పోతే సగం మంది గూడెపోళ్లు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక అక్క, దగ్గుతో ఒక తాత, కంటి మందు కోసం ఒకామె. మిగతా రోజుల్లో డాక్టర్ను చూడాలంటే అడవి దాటి పోవాల, బస్సు రాదు. అందుకని ఉగాదికి డాక్టర్ వస్తాడని కాచుకుని ఉంటారంట. జ్వరాన్ని ఉగాది దాకా దాచిపెట్టుకోవడం అయ్యే పనేనా?

నాకు ఆ రోజంతటిలో కడుపు మండింది అక్కడే. ఈ అడవిలోకి డాక్టర్ను తేవడం సాధ్యం కాదు అని ఇన్నేళ్లు విన్నాం. రోడ్డు లేదు, నిబంధనలు ఒప్పుకోవు, స్టాఫ్ లేరు. ఇదిగో, వచ్చినారు కదా. లైటు వచ్చింది, అంబులెన్స్ వచ్చింది, నీళ్లొచ్చినాయి. అంటే చేతకాక కాదు. ఎవరి కోసం అనేదే లెక్క. పండగైన నాలుగో రోజుకు అన్నీ మూటగట్టుకుని పోతారు. ప్లాస్టిక్ మాత్రం పోదు. చెరువు గట్టు పొడుగునా నీళ్ల సీసాలు, షాంపూ ప్యాకెట్లు, విస్తరాకులు. మిగిలిన అన్నానికి అడవి పందులు, ఎలుగులు గూడెం అంచుల దాకా అలవాటు పడతాయి. మాకు వరసకు అత్తయ్యే ఆమె అక్కడ ఉంటుంది. వాళ్ల ఆవు ఒకటి కవర్లు తిని చచ్చిపోయిందంట. ఎవరిని అడగాలి అని నన్ను అడిగింది. చదువుకున్నోణ్ణి కదా అని.

నేను ఆమెకు చెప్పింది, ఇక్కడ మీకూ చెప్తా. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మనోళ్లు చాలామంది పట్టా ఒక్కటే అనుకుంటారు. మూడెకరాలకు కాగితం వచ్చిందా లేదా, అంతే. సెక్షన్ 3(1)(ఇ) చదవండి. మన చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కులు, అంటే హాబిటాట్ రైట్స్, అందులో ఉన్నాయి. అది ఇంటి జాగా కాదు. తేనె కొండ, గడ్డలు తవ్వే చోటు, దేవుడి చోటు, నడిచే బాట, అంతా కలిపి మన తావు అని. మధ్యప్రదేశ్‌లో డిండోరి జిల్లా బైగాలు దీన్ని సాధించుకున్నారు. ఇక సెక్షన్ 5. అడవిని, నీటి వనరులను, మన సంస్కృతిని దెబ్బతీసే పనులను అడ్డుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. చెరువులో సబ్బులు, గట్టు మీద ప్లాస్టిక్ దీని కిందకి రావా? శుభ్రంగా వస్తాయి.

కాబట్టి నాగలూటి, పెచ్చెరువు గ్రామసభలు కూర్చుని తీర్మానం చేయాల. పందిళ్లు ఎక్కడ వేయాలి, స్నానాలకు ఏ ఒడ్డు, తాగే నీళ్లకు ఏ ఒడ్డు, సీసాలు ఎక్కడ ఆపాలి. శుభ్రం చేసే పని, దారి చూపే పని, నీళ్ల పని గూడెం వాళ్లకే, సరైన రేటుకు, బయట కాంట్రాక్టర్ లేకుండా. చేతికర్ర, తేనె, మారేడు గడ్డల షర్బత్ అమ్మే అంగళ్లు గూడెం ఆడోళ్లవి. మెడికల్ క్యాంపు ఉగాదికి కాదు, నెలనెలా. ఇవేవీ అడగకూడని కోరికలు కావు. శ్రీశైలం ఐటీడీఏ పెట్టిందే చెంచుల కోసం, 1976లో. ఆ సమావేశాల్లో ఈ దారి గురించి ఎప్పుడైనా ఎజెండా ఉందా అని మన పెద్దలను అడగండి.

ఇట్ల అంటే కొంతమంది, "దేవుడి దారిలో డబ్బు లెక్కలేంది" అంటారు. మా సుగాలి తమ్ముడే అన్నాడు, మల్లయ్య అందరివాడు అని. అందరివాడే. కొండ అంచున తేనె తీసేటప్పుడు తాడు పట్టుకునేది మాలో బావమరిదే. అక్క పసుపుకుంకాలు చల్లగా ఉండాల కాబట్టి వాడు తాడు వదలడు. ఇన్నేళ్లు ఈ దారికి తాడు పట్టుకున్నది గూడేలు. తాడు పట్టుకున్నోడికి తేనెలో పాలు ఇవ్వడం ఏ ఊర్లోనైనా ఉన్నదే.

పని మొదలుపెట్టినాం. కోయ అన్నతో ఇంకా వాదన తెగలేదు, కానీ తీర్మానం ముసాయిదా రాసింది ఆయనే. మాకన్నా ఆయనకే చట్టం బాగా తెలుసు. వెంకటాపురం నుంచి భీముని కొలను దాకా ప్రతి వంకకూ, కుంటకూ, బండకూ గూడెపోళ్లు పిలిచే పేర్లు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నాం. సగం దాకా అయింది. వానలు పడకముందే మిగతాది నడవాల, ఇద్దరు ముగ్గురు తోడొస్తే బాగుంటది. నంద్యాల, ఆత్మకూరు హాస్టళ్లలో ఉన్నోళ్లైతే ఆదివారాలు సరిపోతాయి. ఇంకో సంగతి, వచ్చే ఉగాదికి ఆ పేర్లతో గూడెం తరఫున బోర్డులు పెట్టాలని ఉంది, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. మా ఆదోని వాడికి కన్నడం మాట్లాడడమే వచ్చు, రాయడం రాదంట. కన్నడం చక్కగా రాసే మనోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.